బక్కయ్య జంధ్యాలు

నవాగామ్, సూరత్
జూన్ 9

అమ్మమ్మా,

చేతిలో పని పక్కన పెట్టి, అద్దాలు పెట్టుకుని, స్థిమితంగా కూర్చో. ఈ ఉత్తరం నిలబడి చదివేది కాదు!

రింగ్ రోడ్ దుకాణంలో నా పక్కన చీరలు మడతపెట్టే వాళ్ళు "ఈ జమానాలో చిట్ఠీ ఎవరు రాస్తారే" అని నవ్వుతున్నారు. ఏం చేయను? ఫోన్ చేస్తే నీకు వినబడదు. వీడియోలో అయితే నీ మొహానికి బదులు మామ ఇంటి పైకప్పు చూపిస్తావు. నీకు చెప్పకపోతేనేమో నాకు అన్నం సయించదు. అందుకే రాస్తున్నాను.

మన నూలు పున్నమి ఊరేగింపు నీకు తెలిసిందే. ముందు మార్కండేయ స్వామి రథం, వెనక లారీ మీద చేతి మగ్గం. లారీ కదులుతూ ఉంటే రాజనర్సు తాత నేస్తూనే ఉంటాడు. గుడి చేరేసరికి బట్ట తయారవుతుంది, దాన్నే స్వామికి కప్పుతారు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఆ లారీ వెనక నడిచానే గాని ఎక్కింది లేదు. ఆడవాళ్ళెవరూ ఎక్కలేదు. ఈసారి ఎక్కుతున్నాను!

ఆడవాళ్ళమంతా కలిసి సమాజం పెద్ద లస్మయ్య తాతను పట్టుకున్నాం. స్వాతంత్ర్యం కోసం కొట్లాడిన ఆడమనిషి వేషం ఒకటి మగ్గం పక్కన నిలబెడదామని అడిగాం. ఆయన ఒప్పుకున్నాడు గాని, "మన నేత సాలోళ్ళ ఆడిబిడ్డ అయితేనే" అన్నాడు. అందరూ ఫోన్లు తీసి వెతకడం మొదలుపెట్టారు. నేను లేచి నిలబడి "లింగవ్వ" అన్నాను. ఎవరామె అన్నారు. "నిజాం కాలంలో జెండా నేసి జైలుకు పోయింది, మా అమ్మమ్మకు అక్షరాలు నేర్పింది" అన్నాను. అంతకు మించి నాకు తెలియదు. అయినా లస్మయ్య తాత మొహం వెలిగిపోయింది. "మన ఊరి మనిషేనా? అయితే ఇంక ఎవలెందుకు? ఆమెనే పెట్టుండ్రి" అన్నాడు.

లింగవ్వ వేషం నాకే! సేఠ్ గారి భార్య జరీ అంచు ఎర్ర చీర ఒకటి ఇస్తానంది, చేతిలో పెద్ద జెండా పట్టుకుంటాను. ఆమె ఎలా ఉండేది, ఎలా నడిచేది, ఏం చేసింది, అంతా రాయి. ఒక్క ముక్క దాచినా ఊరుకోను.

నీ సంధ్యారాణి


సిరిసిల్ల
జూన్ 20

లొడలొడ సంధ్యకు,

నీ ఉత్తరం నిలబడే చదివాను. కూర్చుంటే మళ్ళీ లేపడానికి మనిషి కావాలి.

ఎర్ర చీరా? లింగవ్వకా? తల్లీ, నీ దుకాణం బేరానికి ఆమే దొరికిందా! ఆమె కట్టింది ముతక తెల్ల చీర, అదీ తన చేత్తో నేసుకున్నది. పదిహేనో యేట మొగుడు పోయాడు. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో మొగుడు పోయిన ఆడది మగ్గం మీద కూర్చోకూడదు. మూల గదిలో కూర్చుని కండెలు చుట్టవచ్చు. కొత్త పడుగు సాగదీసే పొద్దున ఆమె వాకిట్లోకి వస్తే ఇంటి పెద్ద కసిరి లోపలికి తోలేవాడు. ఆమె చుట్టిన కండె మంచిదే, ఆమె ఎదురు రావడం మాత్రం చెడ్డది. ఇదీ మనవాళ్ళ న్యాయం.

ఇక జెండా సంగతి. దేశమంతా జెండా ఎగరేసుకున్న ఆ ఆగస్టులో మా దగ్గర ఇంకా నిజాం రాజ్యమే. మూడు రంగుల గుడ్డ దొరికితే పోలీసులు ఇల్లంతా సోదా చేసి మనిషిని తీసుకుపోయేవారు. మన వాడలో మగవాళ్ళు కొందరు అడవి పట్టారు, కొందరు సరిహద్దు దాటారు. మగ్గాలు ఖాళీ అయ్యాయి. జెండా ఎవరు నేయాలి? లింగవ్వ వెళ్ళి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టింది.

తెల్ల చీర ఒకటి నేస్తూ, దాని కొంగులో జెండా నేసింది. జమాదారు వచ్చి మగ్గం మీద రంగులు చూసి "ఏందిది?" అన్నాడు. "చీర కొంగు, బాంచెన్" అంది. "మొగడు లేనిదానివి, నీకు రంగుల కొంగెందుకే?" అన్నాడు. "అమ్ముకునేటందుకు దొరా, కట్టుకునేటందుకా?" అంది. వాడు నవ్వుకుంటూ పోయాడు. తెల్లారి చావడి మీద జెండా ఎగిరింది. ఆ తర్వాత సోదా చేస్తే కొంగు తెగిన చీర ఆమె మగ్గం మీదే దొరికింది. దాంతో జైలుకు తీసుకుపోయారు. అక్కడ ఊరికే ఉంటుందా, తకిలి తిప్పి సన్నని నూలు వడకడం నేర్చుకుని వచ్చింది.

వచ్చాక తన అరుగు మీద బూడిద పరిచి ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించింది. ఆ బూడిదలోనే నా వేలు కూడా తిరిగింది. అది లేకపోతే నీ చిట్ఠీ నాకు చిత్తు కాగితమే. ఇంకొకటి విను. మా అక్కకు చిన్నతనంలోనే పెళ్ళి పెట్టుకున్నారు. లింగవ్వ పందిట్లోకి వచ్చి పిల్లను చంకనెత్తుకుని తన ఇంట్లో పెట్టి, తలుపుకు అడ్డంగా కూర్చుంది. మా నాయన కర్ర పట్టుకుని పోయాడు. ఆమె చల్ల ఇచ్చింది. తాగి, కర్ర అక్కడే మరిచి వచ్చాడు.

ఒకటి మాత్రం చెబుతున్నా. చావడి మీద జెండా ఎగిరేటప్పుడు కూడా ఆమె కింద నిలబడి చూడలేదు. మగ్గం మీదే ఉంది. నువ్వు జెండా పట్టుకుని కదలకుండా నిలబడితే అది లింగవ్వ కాదు, మీ దుకాణం అద్దాల్లో ఉండే చీరల బొమ్మ.

లస్మయ్యకు చెప్పు, పున్నమి నాడు మార్చుకునే ఈ యేటి బక్కయ్య జంధ్యాలు ముందే బస్సులో వస్తాయి. మా బక్కయ్య బావ పోయి ఇన్నేళ్ళయినా సూరతోళ్ళు ఆ పేరు వదలలేదు, సంతోషం.

అమ్మమ్మ


నవాగామ్, సూరత్
జూలై 14

అమ్మమ్మా,

చీరల బొమ్మ అన్నావు కదా, రెండు రోజులు నీ మీద అలిగాను. నీకు తెలియదు కాబట్టి అలిగి లాభం లేదని మానేశాను. ఎర్ర చీర వాపసు ఇచ్చేశాను.

ఇక్కడ ఎంత గడబిడ అయిందో విను. రాజనర్సు తాత స్కూటర్ మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. చెయ్యి కట్టులో ఉంది. పున్నమికి మగ్గం మీద ఎవరు కూర్చోవాలి? సూరత్ నిండా మన నేతగాళ్ళే. కాని అందరూ కరెంటు సాంచాలు నడిపేవాళ్ళు. చేతి మగ్గం తెలిసినవాడు ఒక్కడూ లేడు!

"నేనుండంగ ఫికరెందుకు" అని సంపత్ అన్న ముందుకొచ్చాడు. ఖాతాలో, అంటే ఇక్కడి సాంచాల షెడ్డులో, ఒక వరస సాంచాలన్నీ ఒక్కడే చూసుకునే మొనగాడు. రాజనర్సు తాత ఇంటి ముందు మగ్గం వేసి కూర్చోబెట్టాం. పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. కాళ్ళు తొక్కుతున్నాడు, పేక నూలు పట్టుకుపోయే నాడె అటూ ఇటూ తోస్తున్నాడు, అబ్బో ఏం వేగం! చూస్తే బట్ట పెరగడం లేదు. నాడెలో నూలు ఎప్పుడో తెగిపోయింది. ఈయన వట్టి నాడెనే ఆడిస్తున్నాడు. సాంచాలకు పేక తెగితే అవే ఆగిపోతాయి కదా, మగ్గం కూడా ఆగుతుందని ఎదురుచూస్తున్నాడట. "ఇది ఆగుతలేదేంది తాతా?" అన్నాడు. "నువ్వు ఆగితేనే అది ఆగుతది బిడ్డా" అన్నాడు తాత. ఆ కంగారులో గట్టిగా తోస్తే నాడె ఎగిరి చాయ్ బండి కిందికి పోయింది. మేం నవ్వి నవ్వి కూలబడ్డాం.

అప్పుడు రాజనర్సు తాత అన్నాడు, "గీ సూరత్‌ల చేతి మగ్గం ఎరిగిన చెయ్యి నాది గాక ఇంకొకటే ఉన్నది. పరమేశ్ పెండ్లాం సారక్కది. సిరిసిల్లల వాళ్ళమ్మ పక్కన కూసొని నేర్చింది."

అమ్మమ్మా, ఎవరి పేరు చెప్పాడో చూశావా! అమ్మ! నాన్న పోయిన రెండేళ్ళ నుంచి పండగ రోజు గడప దాటని మా అమ్మ!

లస్మయ్య తాత మాత్రం తల అడ్డంగా ఊపాడు. "సారక్క నా బిడ్డ అసొంటిది. పరమేశ్ పాడె నేనే మోసిన. గని పసుపు కుంకుమ లేని చెయ్యి దేవుని బట్టకు తాకొచ్చునా? నలుగురు ఏమంటరు?" నేను ఊరుకుంటానా? లింగవ్వ పేరెత్తాను. "లింగవ్వ జెండా నేసింది. ఇది దేవుని బట్ట" అన్నాడు. ఇంకా గట్టిగా అడిగితే కోపం వచ్చి, అంగీ లోపలి నుంచి జంధ్యం బయటికి తీసి పట్టుకున్నాడు. "మా బక్కయ్య జందెం మీద ఒట్టు. నా పానం ఉండంగ గట్ల కానియ్య" అన్నాడు.

అక్కడే నిలబడి వింటున్న అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గబగబా మా ఇంట్లోకి వెళ్ళిపోయింది. భుజాలు కదిలిపోతున్నాయి. ఎంత ఏడ్చిందో! నాకు చాలా కోపంగా ఉంది. ఏదో ఒక ఉపాయం చెప్పు.

సంధ్య


సిరిసిల్ల
జూలై 24

సంధ్యా,

నీ ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకు మీ శివకృష్ణ మామ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు, నాకేమో అయిందనుకుని. లస్మయ్య బక్కయ్య జంధ్యం మీద ఒట్టేశాడా! ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. ఎందుకు నవ్వానో చెప్పే వేళ వచ్చినప్పుడు చెబుతాను. మీ అమ్మ ఏడ్చిందని మాత్రం బెంగపడకు. నా బిడ్డ సంగతి నాకు తెలుసు.

లస్మయ్య చెడ్డవాడు కాదు. వాడు భయస్తుడు. "నలుగురు" అనే మాట ఉంది చూశావా, ఆ నలుగురిలో ముగ్గురు మన భయాలే.

లింగవ్వ జైలు నుంచి వచ్చిన రోజు వాడంతా డప్పులు కొట్టి ఎదురెళ్ళింది. మెడలో బంతిపూల దండ వేశారు. అదే వారం ఎవరింట్లోనో కొత్త పడుగు సాగదీస్తుంటే ఆమె అటు నడిచింది. దండ వేసిన పెద్దమనిషే "లింగవ్వా, జర ఆగు, పడుగు పోయినంక రా" అన్నాడు. ఆమె అక్కడే నిలబడి, "జెండాకు ముండమోపి చెయ్యి తగిలితే అందరు దండం పెడ్తిరి. పడుగుకు తగిలితే మైలయితదా? జెండా కంటె నీ పంచె గొప్పదా?" అంది. ఇంటికి పోయి, మగ్గం ఉన్న గది తలుపు బార్లా తెరిచి, నడి పొద్దున అందరూ చూస్తుండగా నేసింది. ఒకరి అనుమతి అడగలేదు, ఎవరికీ దాచలేదు. నెల తిరగకముందే ఆ గదిలోకి ఇంకో ఇద్దరు మొగుడు పోయినవాళ్ళు వచ్చి చేరారు. అందులో ఒకామెకు తర్వాత మళ్ళీ పెళ్ళి కూడా చేసింది. పెళ్ళికి ఎవరూ రాలేదు. కుడుములు మేం పిల్లలమే తిన్నాం, కడుపు పగిలేటట్టు.

ఉపాయం అడిగావు. నువ్వు లస్మయ్యను అడిగావు, రాజనర్సును అడిగావు, నన్ను అడిగావు. మీ అమ్మను అడిగావా? దానికి కూర్చోవాలని ఉందా లేదా? ముందు అది కనుక్కో. దానికి ఇష్టం లేకపోతే నీ లింగవ్వ ఆటలో దాన్ని లాగకు.

అమ్మమ్మ


నవాగామ్, సూరత్
ఆగస్టు 5

అమ్మమ్మా!

అడిగాను. నీ ఉత్తరం చదివి సిగ్గేసింది, అందుకే వెంటనే అడిగాను. అమ్మ బియ్యం చెరుగుతోంది. "నీకు లారీ మీద నేయాలని ఉందా?" అన్నాను. చేట నా ఒళ్ళో పెట్టి నీళ్ళకు పోయింది. పోనీలే అనుకున్నాను.

ఆదివారం నేను లేచేసరికి అమ్మ ఇంట్లో లేదు. వెతుక్కుంటూ పోతే రాజనర్సు తాత ఇంటి ముందు మగ్గం చప్పుడు. వాడలో ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. అమ్మ కూర్చుని నేస్తోంది! ఆ చెయ్యి చూడాలి అమ్మమ్మా. నాడె ఆ చేతిలోంచి ఈ చేతిలోకి దానంతట అదే వస్తున్నట్టు ఉంది. పోగు తెగితే చూడకుండానే కాలు ఆపి, వేళ్ళతో ముడేసి మళ్ళీ సాగుతోంది. సంపత్ అన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "చిన్నమ్మా, గిది సాంచ కంటె మంచిగున్నది" అన్నాడు. అమ్మ నవ్వింది. నవ్వుతూ ఏదో కూనిరాగం తీసింది. నాన్న పోయాక ఆ గొంతు నేను వినలేదు. నాకు ఏడుపు వచ్చేసింది, అందరి ముందే ఏడ్చాను.

ఇంటికొచ్చాక చెప్పింది: "కూసుంటనే. నాకు మస్తు ఇష్టమున్నది. గని లస్మయ్య మామ ఒప్పుకుంటెనే. పండుగ నాడు నా గురించి లడాయి వద్దు. మీ నాయిన పేరు మీద నలుగుట్ల మాట రావద్దు."

ఇప్పుడు చెప్పు, నేనేం చేయను? అమ్మకు ఇష్టం ఉంది, చేతిలో పని ఉంది. కావలసింది లస్మయ్య తాత ఒక్క మాట. ఆయనేమో ఒట్టు వేసుకుని కూర్చున్నాడు. పున్నమి ముందు ఆదివారం హాల్లో మీటింగు. ఆ రోజు తేలకపోతే ఈసారి ఖాళీ మగ్గాన్నే ఊరేగిస్తారట. అదే మీటింగులో జంధ్యాలు కూడా పంచుతారు. "బక్కయ్య పొట్లం ఇంకా రాలేదా" అని లస్మయ్య తాత రోజూ అడుగుతున్నాడు.

నీ సంధ్య


సిరిసిల్ల
ఆగస్టు 16

సంధ్యా,

మీ అమ్మ కూనిరాగం తీసిందన్న మాట దగ్గర అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను.

చెప్పే వేళ వచ్చింది. ఈ ఉత్తరంతో పాటు జంధ్యాల పొట్లం బస్సులో పంపుతున్నాను. ఇవి బక్కయ్య జంధ్యాలు కావు. ఎప్పుడూ కావు. పాపం మా బావకు తకిలి పట్టడమే రాదు. ఆయనకు తెలిసింది ఇంటింటికీ తిరిగి పంచడం. వడికింది లింగవ్వ. జైలు నుంచి వచ్చాక ఆ సన్ననూలుతో మొదట చేసింది జంధ్యాలే. బావకు ఆ సంగతి తెలుసు, తెలిసే పంచాడు. అది పంచేవాడి పేరుతో ఊరంతా పాకింది, లస్మయ్యతో పాటు సూరత్‌కూ వచ్చింది. లింగవ్వ పోయేముందు తన తకిలి నా చేతిలో పెట్టింది. అప్పటి నుంచి వడుకుతున్నది నేను. మీ తాత పోయాక కూడా ఒక్క యేడు ఆపలేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

కాబట్టి లస్మయ్య ఒట్టేసింది నా చేతి నూలు మీద. మొగుడు లేని ఆడదాని జంధ్యం మీద చెయ్యి వేసి, మొగుడు లేని ఆడది దేవుని బట్ట ముట్టరాదన్నాడు! నవ్వు రాదా మరి? మీ అమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నది ఏడుపుకు కాదే పిచ్చిదానా, నవ్వు ఆపుకోలేక. దానికి అంతా తెలుసు. పక్కన కూర్చుని నాకు దూది ఏకి ఇచ్చిన పిల్ల అది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెబుతాను. పొట్లం విప్పి పంచకముందే ఈ మాట అందరికీ చెప్పు. వేసుకున్నాక చెబితే మోసం అవుతుంది. జెండాను లింగవ్వ పోలీసులకు దాచింది గాని మనవాళ్ళకు దాచలేదు. వద్దన్నవాళ్ళు వెనక్కి ఇవ్వనీ, తప్పులేదు. కాని నా చెయ్యి, ఈ కొమురవ్వ చెయ్యి పనికొస్తే కొమురవ్వ బిడ్డ చెయ్యి ఎందుకు పనికిరాదో నాకు ఒక ముక్క రాసి పంపమను. లస్మయ్యను ఎగతాళి చేయకు. పెద్దవాడు. ఎగతాళి చేసే హక్కు నాది.

నాకు మాత్రం రేపే పున్నమి అయినట్టుంది!

అమ్మమ్మ


నవాగామ్, సూరత్
ఆగస్టు 29

అమ్మమ్మా, అమ్మమ్మా, అమ్మమ్మా!

ఎక్కడ మొదలుపెట్టను? వరసగానే చెబుతాను.

నీ ఉత్తరం చదివి అమ్మ దగ్గరికి పరుగెత్తాను. "నీకు తెలుసా?" అన్నాను. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.

ఆదివారం హాలు నిండిపోయింది. లస్మయ్య తాత పొట్లం ముందు పెట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. దారం విప్పబోతుంటే లేచి నిలబడ్డాను. "తాతా, పంచేముందు ఒక మాట" అన్నాను. అంతా చెప్పాను. లింగవ్వ జైల్లో నేర్చిన వడుకు, బక్కయ్య తాత చేతి పంపకం, నీ తకిలి. ముందు వరసలో ఒకాయన పొట్లం మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

లస్మయ్య తాత తన జంధ్యం బయటికి తీసి, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"సారక్కా, నీకు ముందుగాల్నే ఎరుకేనా?"

"ఎరుకే మామా."

"మరి ఆనాడు ఎందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు తీసి పారేస్తవేమోనని. మా అమ్మ చేతి పని మోరీల పడ్తె నేను చూడలేను."

ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. అప్పుడు రాజనర్సు తాత కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ లేచాడు. "లస్మన్నా, కొమురక్క జందెం మీద ఒట్టు పెట్టి కొమురక్క బిడ్డనే ఆపుతవా? గా ఒట్టు చెల్లుతదానే?" హాలంతా గొల్లుమంది. నేను మాత్రం నవ్వలేదు అమ్మమ్మా, ఒట్టు.

లస్మయ్య తాత ఆ పోగును వేళ్ళతో తడిమాడు. చివరికి అన్నాడు, "గీ జందెమేసుకొనే ఇద్దరు బిడ్డల పెండ్లిళ్ళు చేసిన. గీ జందెంతోనే ఏటేట స్వామికి మొక్కిన. ఆయన ఒక్కనాడు వద్దనలే. నడుమ నేనెవన్ని?" పొట్లం విప్పి మొదటి జంధ్యం తనే తీసుకున్నాడు. మూడు ఇళ్ళవాళ్ళు మాత్రం తీసుకోకుండా లేచి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకాయన పున్నమి పొద్దున వచ్చి, ఎవరూ చూడకుండా ఒకటి అడిగి తీసుకుపోయాడులే!

ఇక పున్నమి. పొద్దున్నుంచి తుంపర. మగ్గం మీద పట్టా కట్టారు. అమ్మ నాన్నకు ఇష్టమైన నీలం చీర కట్టుకుంది, పెట్టె అడుగు నుంచి తీసి! నేను ముతక తెల్ల చీరలో లింగవ్వను. నువ్వు చెప్పినట్టే బొమ్మలా నిలబడలేదు. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని దారంతా కండెలు చుట్టి అందించాను. డప్పులు, కోలాటం, లింగవ్వకు జేజేలు, మేడల మీంచి జనం. ఒక మలుపులో గుజరాతీ ముసలావిడ కిటికీలోంచి వంగి "లింగవ్వా కోణ్ ఛే?" అని అరిచింది. లింగవ్వ ఎవరని అడుగుతోంది. వేషం వేసుకున్నదాన్ని నేను. అయినా నా వేలు అమ్మ వైపే పోయింది. ఆవిడ అమ్మకు రెండు చేతులా దండం పెట్టింది. అమ్మ చూడలేదు, నేతలో ఉంది.

డిండోలీ దాటాక గుంతలో లారీ ఎగిరిపడి పోగులు తెగాయి. అమ్మ కాలు ఆపింది. "ఆపుండ్రి, ఆపుండ్రి, ఇది సాంచ గాదు!" అని సంపత్ అన్న అరుపు. లస్మయ్య తాత అంగీ తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. ముందుకు పరుగెత్తి స్వామి రథాన్నే ఆపేశాడు! డప్పులు ఆగాయి, రోడ్డంతా ఆగింది. అమ్మ ఒక్కో పోగు ముడేసేదాకా ఎవరూ కదల్లేదు. ఆమె తల ఎత్తి "ఇగ పోనియ్యి మామా" అంటేనే ఊరేగింపు కదిలింది.

ఇంకా ఉంది! గుడి దగ్గరపడుతుంటే అమ్మ నన్ను ఒడిలోంచి ఏదో తీయమంది. కాషాయం కండె ఒకటి, ఆకుపచ్చ కండె ఒకటి. ఎప్పుడు చుట్టి పెట్టుకుందో నాక్కూడా చెప్పలేదు. స్వామి బట్ట చివర మూడు రంగుల అంచు నేసింది. నడి వీధిలో, తుంపరలో, అందరూ చూస్తుండగా నేసింది.

మిగతాది అమ్మే రాస్తానంటోంది! అమ్మ! ఉత్తరం! నేను పెన్ను ఇచ్చేస్తున్నాను.

సంధ్య


నవాగామ్
అదే రోజు

అమ్మా,

సంధ్య అంతా రాసేసింది. నాకు మిగిల్చింది కొంచెమే.

గుడిలో బట్ట ఒక కొస లస్మయ్య మామ పట్టుకున్నాడు, రెండో కొస నన్ను పట్టుకోమన్నాడు. గర్భగుడి గడప దాకా పోయాను. లోపలికి పోలేదు. ఎవరూ ఆపలేదు, నేనే ఆగాను. వచ్చే యేడు పోతాను.

నువ్వు చూసి ఉంటే బాగుండేది. నేత రెండు చోట్ల వదులైంది. నువ్వయితే కనిపెట్టేదానివి. స్వామికి కప్పాక మాత్రం బాగానే కనబడింది.

వచ్చే యేడు బక్కయ్య జంధ్యాలు పంపకు. ఇక్కడే వడుకుతావా అని లస్మయ్య మామ నన్ను అడిగాడు. సరేనన్నాను. పొట్లం మీద ఎవరి పేరు రాయమంటావని కూడా అడిగాడు. నా పేరే రాయమన్నాను.

లింగవ్వ తకిలి పంపు. దూది కూడా.

నీ బిడ్డ
సారక్క